సర్వేయరు గారి షెడ్డు

చీకటి పడ్డాక ఆ షెడ్డు వెనక సందులో ఎవరూ తాపీగా నడవరు. అలాగని పరిగెత్తరు కూడా. పరిగెత్తితే భయపడ్డారని షెడ్డుకి తెలిసిపోతుంది కదా. రెండూ కాకుండా, పొయ్యి మీద ఏదో మరిచిపోయి వచ్చినవాళ్ళలా గబగబా అడుగులేస్తారు.

ఇది విన్నది విన్నట్టు. ఉప్పూ కారం ఎక్కువైతే అది ఆ సందులోవాళ్ళ చేతి చలవ.

ఆ ఇంట్లో పూర్వం ఒక సర్వేయరు ఉండేవాడు. కొండలూ గుట్టలూ కొలిచే ఉద్యోగం. రోడ్డు లేని చోటికల్లా ఒక పాత జీపు వేసుకుని వెళ్ళేవాడు. ఆయన రిటైరైన ఏడే జీపు కూడా రిటైరైంది. ఇంజను పట్టేసింది. అయినా రోజూ సాయంత్రం షెడ్డులోకి వెళ్ళి, కదలని జీపులో కూర్చుని, కాసేపు స్టీరింగు పట్టుకుని ఉండి వచ్చేవాడు. ఒకరోజు రాలేదు. వెళ్ళి చూస్తే... రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి. చూపు రోడ్డు మీదే ఉందట.

షెడ్డులో రోడ్డెక్కడిదని ఎవరూ అడగలేదు. అలాంటప్పుడు అడగరు.

ఆ తర్వాత మొదలైంది. ఇస్త్రీ ఆయన ఒక రాత్రి బట్టల మూటతో అటు వెళుతుంటే తలుపు సందులోంచి ఒక కన్ను తెరుచుకుంది — పసుపచ్చగా, గుండ్రంగా, పళ్ళెమంత. ఒక్క క్షణం చూసి మూసుకుంది. మర్నాటి నుంచి ఆ వరస ఇళ్ళవాళ్ళంతా తమ బట్టలు తామే వెళ్ళి తెచ్చుకుంటున్నారు. పక్కింటి పెద్దావిడకైతే లోపల గేరు మార్చిన చప్పుడు వినిపించేది.

"ఏ గేరండీ?" అని ఎవరో వెటకారంగా అడిగితే, ఆవిడ కాసేపు ఆలోచించి చెప్పింది.

"రెండు నుంచి మూడు. ఎక్కడో చదును తగిలినట్టుంది పాపం."

అలాంటి ఇంటిని బోర్డులు రాసే పెయింటరు ఒకాయన కొన్నాడు. ఇంటితో షెడ్డు వచ్చింది. షెడ్డుతో జీపు వచ్చింది. జీపుతో ఇంకెవరైనా వచ్చారా అన్నది ఎవరూ రాసివ్వలేదు.

పెయింటరు గురించి ఒక ముక్క చెప్పుకోవాలి. చేతిలో కుంచె ఉన్నంతసేపూ అతను ఆగలేడు. ఇంట్లో కిటికీలయ్యాయి, బకెట్లయ్యాయి, నిచ్చెన అయింది, చివరికి కుంచెలు పెట్టుకునే డబ్బాకి కూడా రెండు రంగుల్లో అంచు వేశాడు. కదలని ప్రతిదానికీ రంగు పడింది. కదిలేవి కాస్త జాగ్రత్తగా ఉండేవి.

అతనికి ఆ జీపు కనిపించింది. తుప్పు పట్టి, టైర్లు నేలకి అంటుకుపోయి, సీట్లలో ఎలుకలు కాపురం పెట్టి.

చూడగానే ప్రేమలో పడ్డాడు. ఏం చేస్తాం.

ఒక మెకానిక్కుని బతిమాలి ఇంజను విప్పించి, అరిగినవి మార్పించి, ఒంటి మీద రేకు లేని ఉత్త చట్రం మీదే దాన్ని స్టార్టు చేయించాడు. అది దగ్గింది, పొగ వదిలింది, ఆడింది. "ఇక నాకు పని లేదు, నీ రంగులు నువ్వు వేసుకో" అని మెకానిక్కు చేతులు కడుక్కున్నాడు.

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

పెయింటరు జీపుని ముక్క ముక్కా విప్పాడు. ప్రతి ముక్కకీ తుప్పు గీకి, ఎర్ర ప్రైమరు పూసి, వాటర్ పేపరుతో రుద్ది, పైన మూడు పూతలు ముదురాకుపచ్చ వేశాడు. బోల్టులకి కూడా. వాటిని దారంతో కట్టి బట్టల తీగ మీద ఆరేసేవాడు. వాళ్ళావిడ ఆరేసిన చొక్కాల పక్కన అవి గుత్తులు గుత్తులుగా వేలాడేవి. బోల్టు తలకే కాదు, తల కింద కూడా రంగే. వాషరుకి రెండు వైపులా రంగే. బోల్టు కూర్చునే కన్నం చుట్టూ కూడా రంగే.

"అది బిగించాక ఎవరికి కనిపిస్తుంది బావా?" అని బావమరిది అడిగాడు.

"దానికి తెలుస్తుందిరా" అన్నాడు పెయింటరు.

ఈ బావమరిది వ్యాయామశాలలో జనానికి బరువులెత్తడం నేర్పుతాడు. అందరూ వస్తాదు అంటారు. ఇంజనుని ఒక పక్క ఒక్కడే పట్టి దించాడు. కానీ వెలుతురుండగానే. పొద్దు వాలితే ఆ షెడ్డు గడప తొక్కడు. "భయం కాదు, అలవాటు లేదు" అంటాడు.

ఇక పెయింటరు భార్య. ఆవిడ టైలరు. ముందు గదిలో మిషను, మంచం మీద గుడ్డలు, అన్నంలో దారప్పోగులు. బడి యూనిఫారాల పని పెద్దది చేతికొచ్చింది. ఇద్దరు అమ్మాయిలు రేపట్నుంచి పనిలోకి వస్తున్నారు. వాళ్ళనీ వాళ్ళ మిషన్లనీ పెట్టడానికి ఆ ఇంట్లో ఒక్కటే చోటుంది. అందులో జీపుంది.

"వాళ్ళని జీపులో కూర్చోబెట్టి కుట్టించనా?" అని అడిగింది ఆ సాయంత్రం.

"ఇంకొంచెమే ఉంది..."

"ఆ ఇంకొంచెం వింటూ నేను ఒక మిషను అరగదీశాను. రేపు పొద్దున షెడ్డు ఖాళీ కావాలి. తన కాళ్ళ మీద తాను బయటికొస్తే వెనక స్థలంలో పడుంటుంది, నేను పట్టించుకోను. రాకపోతే పాత ఇనుము ఆయన లారీ తెస్తున్నాడు. చెప్పేశాను."

"చెప్పేశావా..."

"సీట్లు మాత్రం విప్పుకుంటాను. అవి నేను కుట్టినవి."

అదీ సంగతి. ఒక్క రాత్రి. తెల్లారేసరికి జీపు నడవాలి, లేదా లారీ ఎక్కాలి.

రేకులన్నీ బిగించడం అయింది. కొత్త తీగలు లాగడం అయింది. తీగల రంగులు చూసి కలపడం పెయింటరుకి ఒకరు నేర్పాలా? బ్యాటరీ పెట్టాడు. తీరా తాళం తిప్పితే... టిక్కుమనలేదు.

మళ్ళీ తిప్పాడు. ఏమీ లేదు. లైట్ల మీట నొక్కాడు. ఏమీ లేదు.

తను ముందుకెళ్ళి చూడాలంటే లోపల కూర్చుని మీటలు నొక్కే మనిషి కావాలి. వస్తాదుని పిలిచాడు. వస్తాదు గుమ్మం దగ్గర నిలబడి, "రేపు పొద్దున్నే వచ్చేస్తా బావా, చలిగా కూడా ఉండదు" అన్నాడు.

"రేపు పొద్దున ఇక్కడ లారీ ఉంటుంది."

వస్తాదు కండలు ఒకసారి చూసుకున్నాడు. అవేమీ సాయం చేసేలా కనిపించలేదు. వచ్చి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు — సర్వేయరు కూర్చున్న చోటే. స్టీరింగు మాత్రం పట్టుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

షెడ్డులో ఒకే బల్బు. దాని కింద జీపు కొత్తగా, నున్నగా, చాలా నిశ్శబ్దంగా ఉంది.

"బ్రేకు తొక్కు" అన్నాడు పెయింటరు వెనక నుంచి. వెనక ఎర్రలైట్లు వెలగాలి.

వస్తాదు తొక్కాడు.

"మ్మ్మ్మ్..."

ఎర్రలైట్లు వెలగలేదు. ముందు బానెట్టు లోపలి నుంచి ఎవరో నిద్రలో మూలిగినట్టు ఒక చప్పుడు వచ్చింది. సన్నగా. నొప్పిగా.

పెయింటరు వెనక నుంచి తల బయటికి పెట్టాడు.

"నువ్వేనా?" అన్నాడు పెయింటరు.

"నేను కాదు" అన్నాడు వస్తాదు.

"హారన్ నొక్కు."

నొక్కాడు. హారన్ మోగలేదు. కానీ ఎదురుగా మూసిన పెద్ద తలుపు మీద ఏదో కదిలింది... ఎడమ వైపు పెద్దలైటు మెల్లగా తెరుచుకుంది. పసుపచ్చగా, గుండ్రంగా. సగం తెరిచి, అలసిపోయినట్టు, మూసుకుంది.

వస్తాదు ఇప్పుడు గుసగుసగా మాట్లాడడం మొదలుపెట్టాడు. పెయింటరుతో కాదు.

"అయ్యా... మీరేనా?"

"మ్మ్మ్..."

"మా బావ తెలియక ముట్టుకున్నాడు. రంగు నచ్చలేదా?"

నిశ్శబ్దం.

"నచ్చిందా?"

"మ్మ్మ్..."

"బావా, రంగు నచ్చిందట."

పెయింటరుకి ఆ మాట లోపలెక్కడో చల్లగా తగిలింది. అయినా అడగాల్సింది అడిగాడు. "ఒరేయ్, నీ కాలు ఎక్కడుంది?"

"నా కాలు నాకు తెలియట్లేదు బావా. ఉందనే అనుకుంటున్నా."

వంగి చూస్తే కాలు బ్రేకు మీదే ఉంది. వణుకుతోంది. వణికినప్పుడల్లా బ్రేకు దిగుతోంది. దిగినప్పుడల్లా సర్వేయరు గారు ఔనంటున్నారు.

అది తెలిశాక భయం సగమైంది. మిగతా సగం పోలేదు. బ్రేకు తొక్కితే బానెట్టు కింది హారనెందుకు మూలగాలి? హారన్ నొక్కితే కన్నెందుకు తెరవాలి?

ఇంట్లోంచి షెడ్డులోకి వచ్చే చిన్న తలుపు తెరుచుకుంది. వస్తాదు సీటు మీద నుంచి బెత్తెడు లేచాడు. వచ్చింది అక్క. మెళ్ళో కొలతల టేపు, చేతిలో కత్తెర.

"ఎవరు ఆ మూలుగుతున్నది?"

"ఎవరో... తెలియదు" అన్నాడు పెయింటరు.

ఆవిడ జీపు వైపు ఒకసారి, తమ్ముడి వైపు ఒకసారి చూసింది.

"ఎవరైనా సరే. రేపు పొద్దున మాత్రం షెడ్డు నాది" అని తలుపు దగ్గరకేసుకుని వెళ్ళిపోయింది.

పెయింటరు ఎడమ లైటు దగ్గర కూలబడ్డాడు. లైట్ల మీట నొక్కమని వస్తాదుకి చెప్పి, విప్పి చూద్దామని స్పానరు పెట్టాడు. స్పానరు జారింది. లైటు చట్రానికీ మడ్‌గార్డుకీ మధ్య పచ్చ రంగు మీద ఇంత పొడుగున గీత... అడుగున ఇనుము తెల్లగా బయటపడింది.

అతను అయ్యో అనబోయాడు. అనే లోపే లైటు భగ్గుమని వెలిగింది.

సగం కాదు. నిండుగా. పెద్ద తలుపు మూలల్లో సాలెగూళ్ళు కూడా లెక్కపెట్టొచ్చు.

వస్తాదు సీట్లో లేడు. ఎప్పుడు దిగాడో, గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు.

పెయింటరు స్పానరు తీశాడు, లైటు ఆరింది. మళ్ళీ లైటు చట్రం నుంచి ఆ గీత మీదికి ఆనించాడు, వెలిగింది. తీశాడు, ఆరింది. అలా కూర్చుని చాలాసేపు ఆడాడు. తర్వాత స్పానరు కింద పెట్టి, తల పట్టుకున్నాడు.

"ఏమంటున్నారు బావా, సర్వేయరు గారు?"

"ఆయన కాదురా. నేనే."

విషయం ఇది. బండిలో కరెంటు బ్యాటరీ నుంచి తీగలో వెళుతుంది. తిరిగి రావడానికి తీగ ఉండదు, బండి ఇనుప ఒళ్ళే దారి. ఇనుము ఇనుముకి తగలాలి. ఇక్కడ ఇనుముకి ఇనుము ఎక్కడా తగలడం లేదు. మధ్యలో ప్రైమరుంది, దాని మీద మూడు పూతలున్నాయి. రాజమార్గం మూసేస్తే కరెంటు ఊరుకుంటుందా? బ్రేకు లైటులోకి వెళ్ళిన కరెంటు హారను దొడ్డిదారిన తిరిగొచ్చింది. హారన్‌లోకి వెళ్ళినది పెద్దలైటు గుండా బయటపడింది. దోవ దొరక్క, దొరికిన ప్రతి గుమ్మంలోనూ మూలుగుతూ తిరుగుతోంది.

వేరేవాళ్ళు చేసిన బండైతే ఇలా అయ్యుండేది కాదు. వేరేవాళ్ళు బోల్టు కింద రంగు వెయ్యరు.

ఇక ఆ రాత్రి మిగిలిన పని ఒక్కటే. తను వేసిన రంగు తనే గోకడం. ప్రతి లైటు దగ్గరా, ఇంజను దగ్గరా, బ్యాటరీ తీగ చట్రానికి కలిసే చోటా బోల్టు విప్పాలి, అడుగున పూత గీకాలి, తెల్ల ఇనుము తేలాక మళ్ళీ బిగించాలి. పెయింటరు ఉలి తీసుకుని మొదటి బోల్టు ముందు చాలాసేపు నిలబడ్డాడు. వస్తాదు వెనక్కి వచ్చి టార్చి పట్టుకున్నాడు. ఉలి ఆనగానే మొహం తిప్పేసుకున్నాడు.

"నేను చూడలేను బావా."

"నేను మాత్రం చూసి గీకుతున్నానా?"

తెల్లవారుతుండగా పాత ఇనుము ఆయన లారీ సందులోకి వెనక్కి వెనక్కి వచ్చి ఆగింది. ఆయన దిగి, గొలుసు భుజాన వేసుకుని షెడ్డు పెద్ద తలుపు కొట్టబోయాడు. తలుపు తనంతట తానే తెరుచుకుంది. లోపల్నుంచి రెండు కళ్ళు — రెండూ నిండుగా — ఆయన్ని చూశాయి.

తాళం తిప్పిన చప్పుడు. దగ్గు. పొగ. జీపు తన కాళ్ళ మీద తాను బయటికొచ్చింది. రెండో గేరు వేసేటప్పుడు మాత్రం గరగరమని కేక పెట్టింది. పెయింటరుకి డ్రైవింగు అంతంతమాత్రమే.

పాత ఇనుము ఆయన జీపు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, గొలుసు మళ్ళీ లారీలో పడేశాడు. "మళ్ళీ వస్తాలెండి. మాకేం తొందర లేదు" అని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికల్లా షెడ్డులో మూడు మిషన్లు వెలిశాయి. టైలరమ్మ తన మిషను వెనక స్థలంలోకి తెరుచుకునే వెనక తలుపు పక్కన, వెలుతురులో వేసుకుంది. ఇద్దరు అమ్మాయిలు సాయంత్రం దాకా కుట్టి, చీకటి పడకముందే గబగబా వెళ్ళిపోయారు. జీపు వెనక స్థలంలో టార్పాలిన్ కప్పుకుని నిలబడింది.

దీపాలు పెట్టే వేళకి సందు సందంతా ఇంట్లోంచి షెడ్డులోకి వచ్చి కూర్చుంది. దెయ్యం లేదన్న వార్త దెయ్యం ఉందన్న వార్తకంటే నెమ్మదిగా పాకుతుంది కానీ, పాకింది. పెయింటరు మధ్యలో నిలబడి, చేతిలో రంగు గీకిన ఒక బోల్టు పట్టుకుని, అందరికీ విడమరిచి చెబుతున్నాడు.

"కన్నూ లేదు, మూలుగూ లేదు. పూత మందమైంది, అంతే."

"నువ్వు రంగు వేసింది నిన్నా మొన్నా. నేను కన్ను చూసింది అంతకుముందెప్పుడో కదా" అన్నాడు ఇస్త్రీ ఆయన.

పెయింటరు చేతిలో బోల్టుని అటూ ఇటూ తిప్పాడు. "అప్పుడు తుప్పుంది. తుప్పు కూడా పూత లాంటిదే."

"అప్పుడు బ్యాటరీ ఉందా?"

"...మీరన్నీ అడుగుతారు."

"మరి నేను విన్న గేరు?" అంది పక్కింటి పెద్దావిడ.

"అది మీ చెవి, పెద్దమ్మగారూ."

అందరూ నవ్వారు. పెద్దావిడ కూడా నవ్వింది. సర్వేయరు గారి పేరు చెప్పుకుని ఆ షెడ్డులో నవ్వడం అదే మొదలు.

తలుపు పక్కన మిషను ఆగింది. టైలరమ్మ పంటితో దారం తెంపింది.

"ఏవండీ, మీ మాటలకి అడ్డు రాకూడదని ఊరుకున్నాను. ఇందాక మీరు తుప్పు గురించి చెబుతుంటే ఒకాయన వెనక తలుపు దగ్గరికొచ్చారు."

"ఎవరు?"

"ఎప్పుడూ చూడలేదు. పొడుగ్గా, సన్నగా. ఖాకీ చొక్కా. చంకలో చుట్టచుట్టిన పటం ఒకటి. మీరు చెప్పేదంతా గడప అవతల నిలబడి విన్నారు. మధ్యలో ఒకసారి తల కూడా ఊపారు."

నవ్వులు ఎక్కడివక్కడ ఆగాయి.

"ఏం కావాలట?" పెయింటరు చేతిలో బోల్టు కింద పెట్టాడు.

"తాళం అడిగారు."

పెయింటరు చొక్కా జేబు చూసుకున్నాడు.

"ఇచ్చాను."

బయట జీపు స్టార్టయింది.

దగ్గలేదు. ఒక్క తిప్పుకే, మెత్తగా. టార్పాలిన్ నేల మీదికి జారిన చప్పుడు. టైర్లు మట్టి తొక్కిన చప్పుడు. మొదటి గేరు... రెండోది ఎక్కడా గరగరలాడకుండా పడింది. సందు చివర మలుపు తిరిగింది. దూరంగా, ఇంకా దూరంగా...

"మూడు" అంది పెద్దావిడ మెల్లగా.

అంతమంది ఆ చిన్న తలుపులోంచి ఒకేసారి ఎలా పట్టారో తెలియదు. షెడ్డులో ముగ్గురే మిగిలారు. వస్తాదు కూడా వెళ్ళేవాడే, కానీ అక్క చూస్తోంది.

పెయింటరు వెనక తలుపు తీసి చూశాడు. ఖాళీ స్థలం ఖాళీగా ఉంది. టార్పాలిన్ అంచులు కలిపి, పటం మడిచినట్టు చక్కగా మడిచి ఉంది. వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"గీకిన చోట్లు... చూశాడా?"

"చూశారు. పనితనం బాగుందన్నారు. గీకిన దగ్గర తుప్పు పట్టకుండా గ్రీజు రాయాల్సిందన్నారు. దారిలో తనే రాసుకుంటానన్నారు."

పెయింటరు తల ఊపాడు. ఆ మాట నిజమే. గ్రీజు రాయాల్సింది.

"అక్కా" అన్నాడు వస్తాదు గుసగుసగా, "మళ్ళీ ఎప్పుడు తెచ్చిస్తానన్నారు?"

"అడగలేదు." ఆవిడ కొత్త చొక్కా ముక్క ఒకటి సూది కిందికి తోసింది. "షెడ్డు ఇక నాదేనా అని మాత్రం అడిగాను."

"ఏమన్నారు?"

"నీదేనమ్మా అన్నారు."

మిషను మళ్ళీ మొదలైంది.